పొరలు లెక్కపెడదాం: పురుగు కణంలో బ్యాక్టీరియా కాపురం

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం సాధారణ శ్రోతలకు ఇచ్చిన ప్రసంగం. ఇచ్చినవారు జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవారు.)

అందరికీ నమస్కారం. బీచ్ రోడ్డు మీద గాలి తిరిగే వేళ ఈ ఫ్యాన్ల కింద కూర్చుని పురుగుల గురించి వినడానికి వచ్చారంటే మీ ఓపికకు ముందుగా దండం పెట్టాలి. పిల్లలు ముందు వరుసలోకి వచ్చి కూర్చోండి. ఈ సీసా మీ మధ్య చేతులు మారుతుంది. మూత మాత్రం తీయకండి.

సీసాలో ఉన్నవి మీకు కొత్త కావు. పూర్ణా మార్కెట్‌లో కొన్న సన్న బియ్యమైనా, రేషను బియ్యమైనా, ఈ ఊరి తేమకు డబ్బాలో కొన్నాళ్లు ఊరకే ఉంచితే ప్రత్యక్షమయ్యేవే. ముక్కు పురుగులు. మూడు మిల్లీమీటర్ల ఒళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, ముదురు గోధుమ రంగు, వీపు మీద నాలుగు లేత మచ్చలు. ఆడపురుగు ఆ ముక్కుతో గింజకు చిల్లు పెట్టి, లోపల ఒక గుడ్డు పెట్టి, జిగురుతో చిల్లు మూసేస్తుంది. పిల్ల ఆ గింజలోనే పుట్టి, అందులోనే తిని పెరిగి, పెంకు గట్టిపడ్డాక తొలుచుకుని బయటికి వస్తుంది. చేటతో ఎంత చెరిగినా మళ్లీ పురుగులు కనబడుతున్నాయని విసుక్కుంటాం కదా, చెరిగేటప్పుడు అవి గింజల్లోపల ఉన్నాయి మరి.

బియ్యపు గింజ అంటే దాదాపు పిండిపదార్థమే. పురుగుకు గట్టి పెంకు కావాలంటే టైరోసిన్ అనే అమైనో ఆమ్లం దండిగా కావాలి. గింజలో అది చాలినంత లేదు. అయినా ఈ సీసాలోని పురుగులన్నిటికీ నల్లటి పెంకు ఉంది. ఎవరు ఇచ్చారు? వాటి ఒంట్లో కాపురం ఉన్న బ్యాక్టీరియా ఇచ్చింది. దాని పేరు సోడాలిస్ పియరాంటోనియస్. నోరు తిరగకపోతే ఇబ్బంది పడకండి, పరీక్షలో అడగను.

పురుగుల్లో ఇలాంటి సహజీవి బ్యాక్టీరియాలు ఉంటాయన్న సంగతి మీలో చాలామంది ఎక్కడో చదివే ఉంటారు. పత్రికల్లో వచ్చే వ్యాసాలు సాధారణంగా దీన్ని స్నేహంగా చెబుతాయి. నువ్వు నాకు ఇల్లివ్వు, నేను నీకు విటమిన్లు ఇస్తాను అన్నట్టు. నాకు ఆ కథ మీద పెద్దగా నమ్మకం లేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఆ బ్యాక్టీరియా కణాన్ని చూడండి. దాని చుట్టూ ఎన్ని పొరలున్నాయో లెక్కపెట్టండి. ఏ పొరను ఎవరు తయారుచేశారో అడగండి. అప్పుడు ఎవరి మాట చెల్లుతోందో దానంతట అదే తెలుస్తుంది. ఈ సాయంత్రం మనం చేయబోయే పని అదే.

ముందుగా స్వేచ్ఛగా బతికే బ్యాక్టీరియా ఎలా ఉంటుందో గుర్తుచేస్తాను. మన పేగుల్లో ఉండే ఇ. కోలైని తీసుకుందాం. పొడవు రెండు మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో ఐదువందల వంతు. లోపలి నుంచి బయటికి వస్తే మొదట ఒక కొవ్వు త్వచం, దాని మీద పెప్టిడోగ్లైకాన్ అనే పలచని గట్టి కవచం, ఆ పైన రెండో త్వచం. ఈ రెండో త్వచం బయటి ముఖానికి లైపోపాలీశాకరైడ్ అనే పూత ఉంటుంది. మన ఒంట్లోకి పరాయి బ్యాక్టీరియా చొరబడిందని రక్షణ వ్యవస్థ పసిగట్టేది ఎక్కువగా ఈ పూతను, ఆ కవచపు ముక్కలను చూసే. కేంద్రకం ఉండదు. డీఎన్ఏ ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. ఈదడానికి కశాభాలు ఉంటాయి. దాదాపు 46 లక్షల అక్షరాల జన్యురాశి, 4,300 దాకా జన్యువులు. ఎండనీ వాననీ, ఆకలినీ శత్రువునీ తట్టుకోవడానికి ఆ సామగ్రి అంతా కావాలి.

ఇప్పుడు ముక్కు పురుగు లోపలికి పోదాం. గింజలో ఉన్న పిల్ల పురుగుకు పేగు మొదట్లో ఒక చిన్న గుంపుగా పెద్ద పెద్ద కణాలు ఉంటాయి. వాటిని బ్యాక్టీరియోసైట్లు అంటారు. బ్యాక్టీరియాను దాచడానికే పురుగు ప్రత్యేకంగా పెంచిన సొంత కణాలివి. సోడాలిస్ వాటి కణద్రవ్యంలో నేరుగా తేలుతూ ఉంటుంది, చుట్టూ పురుగు కట్టిన పొర ఏదీ లేదు. దాని రెండు త్వచాలే దానికి ఉన్నాయి. జన్యురాశి కూడా ఇంకా పెద్దదే, సుమారు 45 లక్షల అక్షరాలు. అయితే అందులో చాలా జన్యువులు చెడిపోయి పడి ఉన్నాయి. ఈ పురుగు ఇంటికి అది వచ్చి ముప్పై వేల ఏళ్లు కూడా కాలేదని శాస్త్రజ్ఞుల అంచనా. పరిణామంలో అది నిన్న మొన్నటి మాట.

కొత్తగా వచ్చినవాడి మీద ఇంటివాళ్లకు అనుమానం ఉంటుంది కదా, ఇక్కడా ఉంది. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. సాధారణంగా సోడాలిస్ బంధువులు పొట్టి కడ్డీల్లా ఉంటాయి. ముక్కు పురుగు కణంలో ఉన్నవి మాత్రం పొడవుగా సాగిపోయి దారాల్లా కనిపిస్తాయి. ఎందుకు సాగాయి? పురుగు కణం కోలియోప్టెరిసిన్-ఏ అనే చిన్న ప్రోటీన్‌ను తయారుచేసి వాటి మీద వదులుతుంది. అసలు అది క్రిములను చంపడానికి పుట్టిన ఆయుధం. ఇక్కడ దాన్ని పురుగు చాలా తెలివిగా వాడుతుంది. బ్యాక్టీరియాను చంపదు, రెండుగా చీలకుండా ఆపుతుంది. డీఎన్ఏ ప్రతులు పెరుగుతాయి, ఒళ్లు పొడవు పెరుగుతుంది, విభజన మాత్రం జరగదు. 2011లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు ఆ ప్రోటీన్ తయారీని ఆపి చూశారు. బ్యాక్టీరియా ఆ కణాల్లోంచి తప్పించుకుని చుట్టుపక్కల కణజాలాల్లోకి పాకిపోయింది. అంటే ఆ కణాల్లో అది ఇష్టపడి కూర్చోలేదు. కాపలా ఉంది కాబట్టి కూర్చుంది.

ఈ మధ్య అదే దేశపు పరిశోధకులు ఇంకో విశేషం చూశారు. ఈ బ్యాక్టీరియా కణాల నుంచి అతి సన్నని గొట్టాలు బయలుదేరి, ఒకదానికొకటి కలుసుకుని, పురుగు కణద్రవ్యమంతా ఒక వలలా అల్లుకుంటాయి. ఒక్కో గొట్టం వెడల్పు మైక్రోమీటరులో యాభయ్యో వంతు మాత్రమే. మన చిన్నపేగు గోడకు ఉండే చూషకాలు ఎందుకున్నాయి? తిన్నది పీల్చుకునే ఉపరితలం పెంచడానికి. ఇక్కడా ఆ పనే, చక్కెరలు పీల్చుకోవడానికి. ఒంటరి బ్యాక్టీరియాలో ఇలాంటి నిర్మాణం ఊహించలేం.

ఆ తర్వాతి కథ వింటే స్నేహం అన్న మాట ఎవరూ ఎత్తరు. పెద్ద పురుగు బయటికి వచ్చే రోజుల్లో సోడాలిస్ విపరీతంగా పెరుగుతుంది, టైరోసిన్ ధారాళంగా అందుతుంది, పెంకు గట్టిపడి నల్లబడుతుంది. పెంకు పని పూర్తయ్యాక పురుగు తన పేగు దగ్గరి బ్యాక్టీరియోసైట్లను తానే చంపుకుంటుంది, లోపలి బ్యాక్టీరియాను జీర్ణం చేసుకుంటుంది. రెండు వారాలు తిరిగేసరికి పేగు దగ్గర ఒక్కటీ మిగలదు. ఆడపురుగు అండాశయాల్లో మాత్రం కొన్నిటిని దాచి ఉంచుతుంది, తర్వాతి తరానికి విత్తనంగా.

బ్యాక్టీరియా లేని ముక్కు పురుగులను ప్రయోగశాలలో తయారుచేయడానికి ఒక పాత పద్ధతి ఉంది. 35 డిగ్రీల వేడి, 90 శాతం తేమ, నెల రోజులు. చదివిన వెంటనే నాకు మన మే నెల గుర్తొచ్చింది. (నవ్వులు) అలా బ్యాక్టీరియా పోయిన పురుగుల సంతానం ఎర్రగా, బలహీనంగా, పలచని పెంకుతో పుడుతుంది, సరిగా ఎగరలేదు. బతుకుతుంది గానీ ఈసురోమంటూ బతుకుతుంది.

ఇక రెండో పురుగుకు వద్దాం. చలికాలంలో ఎంవీపీ కాలనీ రైతు బజారులో చిక్కుడుకాయలు ఏరుకునేటప్పుడు కాడ దగ్గర నల్లగా, గుంపుగా, అంటుకుంటే జిగటగా ఉండేవి చూశారు కదా. రైతులు పేనుబంక అంటారు. ఇవి సూదిలాంటి నోటిని మొక్క పోషక కణజాలంలోకి గుచ్చి రసం పీలుస్తాయి. రసం నిండా చక్కెర, అమైనో ఆమ్లాలు మాత్రం అరకొర. మిగిలిన చక్కెరను వెనక నుంచి వదిలేస్తే చీమలు దానికోసం వరుసకడతాయి. మరి ప్రోటీన్లకు కావలసిన ముడిసరుకు ఎక్కడిది? ఇక్కడి వంటవాడి పేరు బుక్నెరా.

పేనుబంక పొట్టలో ఏదో వింత అవయవం ఉందని 1858లోనే థామస్ హక్స్‌లీ రాశాడు. గుడ్డు సొనలాంటిదేదో అనుకున్నాడు. అది సూక్ష్మజీవులతో నిండిన అవయవమని 1910లో ఇటలీలో పియరాంటోని, చెక్ దేశంలో షుల్ట్స్ విడివిడిగా చెప్పారు. ఆ పైన పాల్ బుక్నర్ అనే జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు జీవితమంతా ఇలాంటి పురుగులను కోసి చూస్తూ గడిపాడు. వాళ్ల పేర్లే ఇప్పుడు బ్యాక్టీరియాలకు పెట్టారు. మన పేర్లు రోడ్లకు, సర్కిళ్లకు పెడతారు. వాళ్ల పేర్లు పురుగు కడుపులో ఉన్నాయి, పోయే ప్రమాదం తక్కువ.

బుక్నెరాను మైక్రోస్కోప్ కింద చూస్తే గుండ్రంగా, మూడు మైక్రోమీటర్ల దరిదాపులో ఉంటుంది. ఇ. కోలైకి ఇది దగ్గరి చుట్టమే. కానీ కడ్డీ ఆకారం పోయింది. ఇప్పుడు పొరలు లెక్కపెడదాం. లోపలి త్వచం ఒకటి. పలచని కవచం. బయటి త్వచంతో కలిపి రెండు త్వచాలు. దాని చుట్టూ మూడో త్వచం ఒకటి కనబడుతుంది. ఆ మూడోది బ్యాక్టీరియాది కాదు. పేనుబంక కణం తయారుచేసి, ప్రతి బుక్నెరాను విడివిడిగా అందులో చుట్టి ఉంచింది. లోపలికి ఏది పోవాలన్నా, బయటికి ఏది రావాలన్నా ఆ పొర దాటాలి. ఆ పొరలోని రవాణా ప్రోటీన్లన్నీ పురుగువి.

బుక్నెరా బయటి త్వచం మీద లైపోపాలీశాకరైడ్ పూత లేదు. దాన్ని తయారుచేసే జన్యువులు ఎప్పుడో పోయాయి. త్వచానికి కావలసిన కొవ్వులను సొంతంగా తయారుచేసుకునే జన్యువులు కూడా లేవు. అంటే తన ఒంటి పొరకు కావలసిన సరుకు కూడా పురుగు దగ్గర తెచ్చుకోవలసిందే. దీన్ని నేను ఇల్లరికం వచ్చిన అల్లుడితో పోలుస్తాను. పొలం అమ్మేశాడు, సొంత ఊళ్లో ఇల్లు కూలిపోయింది, కట్టుకునే పంచె కూడా మామగారిదే. తిరిగి వెళ్లడానికి ఊరంటూ లేదు. (నవ్వులు) అల్లుళ్లు ఎవరైనా ఉంటే క్షమించాలి.

ఎంత ఆస్తి పోయిందో అంకెల్లో చెబుతాను. 2000 సంవత్సరంలో జపాన్ శాస్త్రజ్ఞులు బఠాణీ పేనుబంకలోని బుక్నెరా జన్యురాశిని పూర్తిగా చదివారు. 6,40,681 అక్షరాలు, ఆరు వందల లోపు ప్రోటీన్ జన్యువులు. ఇ. కోలైలో ఏడో వంతు. కొద్దిపాటి జన్యువులే మిగిలినా విచిత్రంగా ఒక్కో కణంలో ఆ జన్యురాశి ప్రతులు వందకు పైగా ఉంటాయి. ఈ రెండూ కలిసి కాపురం పెట్టి పదిహేను కోట్ల ఏళ్లు దాటిందంటారు. ఇన్ని కోట్ల ఏళ్లలో ఏవి పోయాయో చూడండి. శత్రువును ఎదుర్కొనేవి పోయాయి, చెడిన డీఎన్ఏను బాగుచేసుకునేవి చాలా పోయాయి, తన పనులను తాను అదుపు చేసుకునేవి దాదాపు పోయాయి. పురుగుకు కావలసిన అమైనో ఆమ్లాలు తయారుచేసే జన్యువులు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. ట్రిప్టోఫాన్, ల్యూసిన్ తయారీలో మొదటి మెట్ల జన్యువులైతే చిన్న డీఎన్ఏ ఉంగరాల మీద విడిగా ఎక్కి కూర్చున్నాయి.

అది కూడా పూర్తిగా బుక్నెరా చేతిలో లేదు. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ తయారీలో ఆఖరి మెట్టుకు కావలసిన ఎంజైము బుక్నెరా దగ్గర లేదు, పురుగు కణం దగ్గర ఉంది. సగం వండిన గిన్నె పొర దాటి వెళితే అక్కడ దించుతారు. సరఫరాను అదుపు చేసే తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. బుక్నెరాకు కావలసిన ముడిసరుకులో ముఖ్యమైనది గ్లుటమిన్. అది బ్యాక్టీరియోసైట్‌లోకి రావడానికి కణం గోడలో ఒక ప్రోటీన్ ద్వారం ఉంది. బుక్నెరా తయారుచేసే ఆర్జినిన్ పురుగు ఒంట్లో ఎక్కువైతే, ఆ ఆర్జినినే వెళ్లి ద్వారానికి అడ్డుపడుతుంది. గ్లుటమిన్ రాక తగ్గుతుంది, తయారీ తగ్గుతుంది. ఆర్జినిన్ ఖర్చయ్యాక మళ్లీ దారి తెరుచుకుంటుంది. బుక్నెరా తనను తాను అదుపు చేసుకోలేకపోయినా బాధ లేదు, ఆ పని పురుగు చూసుకుంటుంది.

పొర మీద ఇంకొకటి చూడాలి. బుక్నెరా ఈదదు. ఈదడానికి కావలసిన తోక పోగు దానికి లేదు. కానీ ఆ తోకను బిగించే మొదలు, కొక్కెం మాత్రం ఒంటి నిండా వందల సంఖ్యలో పొడుచుకుని ఉన్నాయి. తోక లేని మొదళ్లు ఎందుకు? కశాభపు మొదలులో సహజంగానే ప్రోటీన్లను బయటికి తోసే గొట్టం ఉంటుంది. బహుశా దాన్ని రవాణాకు వాడుతోందని పరిశోధకుల ఊహ. నాకు అది సబబుగానే తోస్తుంది. ఎందుకూ పనికిరానిదైతే ఇన్ని కోట్ల ఏళ్లు అన్ని వందల గొట్టాలు కట్టుకుంటూ కూర్చోదు.

తల్లి నుంచి పిల్లకు ఇది చేరే తీరు కూడా పొరల సంగతే. పేనుబంక మగదాని అవసరం లేకుండా పిల్లలను కంటుందని తెలుసు కదా. తల్లి ఒంట్లో పిండం ఇంకా చిన్న ఉండగా, పక్కనే ఉన్న తల్లి బ్యాక్టీరియోసైట్ కొన్ని బుక్నెరాలను తన గోడ బయటికి వదులుతుంది. ఆ క్షణంలో మాత్రమే బుక్నెరాకు మూడో పొర ఉండదు. వెంటనే పిండం వాటిని తన గోడతో చుట్టి లోపలికి లాక్కుంటుంది. మళ్లీ మూడో పొర, ఈసారి కూతురు తయారుచేసింది.

ఇప్పుడు పిండినల్లి. మందార కొమ్మ మీద తెల్లగా దూది అంటినట్టు ఉంటుందే, అదే. అరకు వైపు కాఫీ తోటల వాళ్లకూ దాని బెడద తెలుసు. నిమ్మ జాతి చెట్ల మీది పిండినల్లిలో ట్రెంబ్లాయా అనే బ్యాక్టీరియా ఉంటుంది. దాని లోపల ఇంకొకటి ఉందని 2001లో తేలింది. బ్యాక్టీరియా లోపల బ్యాక్టీరియా! లోపలిదాని పేరు మొరనెల్లా. అంతకు ముందు దశాబ్దాల పాటు మైక్రోస్కోపులో చూసినవాళ్లు ట్రెంబ్లాయాను కేవలం శ్లేష్మపు గోళం అనుకున్నారు, లోపలిదాన్నే బ్యాక్టీరియా అనుకున్నారు. చూడగానే ఎవరైనా అలాగే అనుకుంటారు, ఎందుకంటే ట్రెంబ్లాయాకు గట్టి కవచమే లేదు, ఒక ఆకారం లేకుండా తమ్మెలు తమ్మెలుగా ఉంటుంది. దాని జన్యురాశి లక్షా నలభై వేల అక్షరాల లోపే. ప్రోటీన్ తయారీకి కావలసిన పనిముట్లు కూడా కొన్ని లేవు.

మొరనెల్లాకు కవచం ఉంది. అది పెప్టిడోగ్లైకాన్ కవచమే. కానీ దాన్ని కట్టడానికి కావలసిన జన్యువుల్లో కొన్ని మొరనెల్లా దగ్గర లేవు. ఎక్కడున్నాయంటే పిండినల్లి సొంత కేంద్రకంలో. పురుగుకు పెప్టిడోగ్లైకాన్ ఎందుకు? జంతువు ఏదీ దాన్ని వాడదు. ఎప్పుడో వేరే వేరే బ్యాక్టీరియాల నుంచి ఆ జన్యువులు పురుగు పూర్వీకుల డీఎన్ఏలోకి వచ్చి చేరాయి. చిత్రమేమిటంటే ట్రెంబ్లాయా నుంచీ కాదు, మొరనెల్లా నుంచీ కాదు, మూడో చోటి నుంచి. 2019లో వెలువడిన పరిశోధనలో ఈ సంగతి రుజువైంది. పురుగు తయారుచేసిన ఒక ఎంజైము పురుగు కణద్రవ్యం నుంచి బయలుదేరి, ట్రెంబ్లాయా పొరలన్నీ దాటి, మొరనెల్లా పొరలు కూడా దాటి, లోపలికి పోయి అక్కడ కవచం పనిలో చేరుతోంది. దారిలో ఎన్ని త్వచాలు దాటిందో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. కవచం ఎవరిది అని ఇప్పుడు అడిగితే నాకు సూటిగా జవాబు చెప్పడం రాదు. ఇటుక ఒకరిది, సున్నం ఒకరిది, ఉన్నది మరొకరి పెరట్లో.

బొద్దింక, పేను గురించి రెండు మాటల్లో ముగిస్తాను. బొద్దింక కొవ్వు కణజాలంలో ఉండే బ్యాక్టీరియాను 1887 నాటికే బ్లోఖ్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చూశాడు. బొద్దింక యూరిక్ ఆమ్లాన్ని పారబోయకుండా దాచుకుంటుంది, ఆ వ్యర్థంలోని నత్రజనితో ఈ బ్యాక్టీరియా మళ్లీ అమైనో ఆమ్లాలు చేసిపెడుతుంది. బొద్దింక దేన్నయినా తిని బతకగలదని మనం తిట్టుకునే గుణంలో దీని వాటా ఉంది. తలలో పేనుకైతే రక్తమే ఆహారం, రక్తంలో బి5 విటమిన్ చాలదు. దాన్ని రీసియా అనే బ్యాక్టీరియా ఇస్తుంది. ఆ బ్యాక్టీరియా ఉండే అవయవాన్ని 1665లోనే రాబర్ట్ హుక్ పేను పొట్టలో చూసి బొమ్మ గీశాడు. అదేమిటో మాత్రం అతనికి తెలిసే వీలు లేదు.

ఇక మన ఊరికి మరీ దగ్గరి విషయం, దోమ. వోల్బాకియా అనే బ్యాక్టీరియాను 1924లో హెర్టిగ్, వోల్బాక్ అనే ఇద్దరు క్యూలెక్స్ దోమ అండాశయాల్లో చూశారు. ఇది బుక్నెరాలా ఒక గదిలో కూర్చునే రకం కాదు. ఒక మైక్రోమీటరు దరిదాపు ఒళ్లు, దాని చుట్టూ పురుగు కణం నుంచి తెచ్చుకున్న మూడో పొర, లైపోపాలీశాకరైడ్ లేదు, కవచం నామమాత్రం. గుడ్డు కణంలో సరుకులు మోయడానికి ఉండే సూక్ష్మనాళికల మీద ఎక్కి తనకు కావలసిన మూలకు ప్రయాణం చేస్తుంది. తర్వాతి తరానికి పోవాలంటే గుడ్డే దారి, వీర్యంలో దానికి చోటు లేదు. అందుకని ఒక దొంగ ఎత్తు వేసింది. వోల్బాకియా ఉన్న మగదోమ, లేని ఆడదోమతో కలిస్తే గుడ్లు పొదగవు. ఉన్న ఆడదోమకు వోల్బాకియా లేని మగదానితోనైనా, అదే రకం వోల్బాకియా ఉన్న మగదానితోనైనా సంతానం కలుగుతుంది. కొన్ని తరాలకు గుంపంతా ఉన్నవే అవుతాయి. ముక్కు పురుగులో యజమాని మాట చెల్లింది. ఇక్కడ అద్దెకు వచ్చినవాడి మాట చెల్లుతోంది.

ఈ ఎత్తు అర్థం కాకముందే దాన్ని వాడుకున్నవాళ్లున్నారు. 1967లో హాన్స్ లావెన్ అనే శాస్త్రజ్ఞుడు రంగూన్ దగ్గర ఓక్‌పో అనే ఊళ్లో పొసగని మగదోమలను వదిలి అక్కడి క్యూలెక్స్ దోమలను తుడిచిపెట్టాడు. మన తాతముత్తాతల్లో ఎందరో ఈ రేవులో ఓడ ఎక్కి వెళ్లిన రంగూనే. ఆ దోమలు పొసగకపోవడానికి కారణం వోల్బాకియా అని నాలుగేళ్ల తర్వాత గాని తెలియలేదు. డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టై దోమకు సహజంగా వోల్బాకియా ఉండదు. ఎక్కిస్తే డెంగీ వైరస్ దానిలో సరిగా పెరగదు. ఇండొనేసియాలోని యోగ్యకర్తాలో అలాంటి దోమలను వదిలి చూస్తే ఆ ప్రాంతంలో డెంగీ కేసులు 77 శాతం తగ్గాయని 2021లో ప్రచురించారు. మన దేశంలో పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా ఇలాంటి దోమలను 2022 నాటికి సిద్ధం చేసింది.

వోల్బాకియా పురుగుల్లోనే కాదు, బోదకాలు తెచ్చే ఫైలేరియా పాములోనూ ఉంది. కోస్తా జిల్లాలవాళ్లకు బోదకాలు గురించి నేను చెప్పక్కర్లేదు. ఆ పాము వోల్బాకియా లేకుండా బతకలేదు, కనలేదు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ కొన్ని వారాలు ఇస్తే బ్యాక్టీరియా చస్తుంది, ఆడపాము గొడ్రాలవుతుంది. ఇంటింటికీ తిరిగి పంచే డీఈసీ మాత్ర నేరుగా పాము పిల్లల మీద పనిచేసే మందు. ఈ రెండు దారులకూ మొదలు ఒకే ప్రయోగశాలలో ఉంది. డీఈసీ, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, రెండూ అమెరికాలోని లెడర్లీలో భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో వచ్చినవే. 1948లో ఆయన పోయేనాటికి వోల్బాకియాకూ ఆ మందుకూ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టలేదు. పేనుబంకకు బుక్నెరా లేకపోతే ఏమవుతుందో చూడటానికి ప్రయోగశాలల్లో వాడిన మందు కూడా ఆరియోమైసినే. ఏమైందంటే, పేనుబంక గిడసబారి, పిల్లలను కనడం దాదాపు మానేసింది.

ప్రశ్నలు అడగండి.

ఆ వెనక అమ్మగారు అడిగింది అందరికీ వినబడలేదేమో. ముక్కు పురుగు పట్టిన బియ్యం వండుకుంటే ఈ బ్యాక్టీరియా మనకు వస్తుందా అని. రాదమ్మా. పురుగు కణం బయట అది నిలవలేదు, ఉడికే అన్నంలో అసలే నిలవదు. బియ్యం జల్లించుకోవడం మాత్రం మానకండి.

బాబు మంచి ప్రశ్న వేశాడు. అలాగైతే పొలంలో యాంటీబయాటిక్ చల్లితే పేనుబంక పోతుంది కదా అంటున్నాడు. సీసాలో పోతుంది. పొలంలో చల్లితే మట్టిలో, నీళ్లలో ఉన్న బ్యాక్టీరియాలన్నీ ఆ మందుకు అలవాటుపడతాయి, రేపు కేజీహెచ్ ఆసుపత్రిలో పడుకున్న రోగికి ఆ మందు పనిచేయదు. బేరం మనకు గిట్టదు. ఇందాక చెప్పిన గ్లుటమిన్ ద్వారం లాంటిది పురుగుకు మాత్రమే ఉంటుంది. దాన్ని మూయగలిగితే దారి వేరు. ఆ దిశలో పని చేయడానికి నీకు చాలా వయసుంది.

మైటోకాండ్రియా కూడా ఒకప్పుడు ఇలాంటి బ్యాక్టీరియానే కదా, బుక్నెరా కూడా అలా మారిపోతుందా అని ఇంకొకరు. మైటోకాండ్రియా తన జన్యువులను చాలావరకు మన కేంద్రకానికి అప్పగించింది, అక్కడ తయారైన ప్రోటీన్లు తిరిగి వచ్చి దానిలో చేరతాయి. బుక్నెరా జన్యువులు పనిచేసే స్థితిలో పురుగు కేంద్రకంలోకి పోయిన దాఖలా కనబడలేదు. పోగొట్టుకుంది, అప్పగించలేదు. పిండినల్లి వ్యవహారం మైటోకాండ్రియాకు ఇంకాస్త దగ్గర, అయినా అక్కడి జన్యువులు వచ్చింది పరాయి వాటి నుంచి. కాబట్టి ఒకే దారిలో నడుస్తున్నాయని నేను అనను.

సరే, టేబుల్ మీద మైక్రోస్కోప్ ఉంది. చిక్కుడు పాదు మీది పేనుబంక ఒకదాన్ని ఉప్పునీటి చుక్కలో పెట్టి, పైన గాజుపలక వేసి మెల్లగా నొక్కాను. మొదట తక్కువ పెద్దది చేసే కటకంతో చూడండి, గుండ్రటి పెద్ద కణాలు గుంపుగా కనబడతాయి, అవి బ్యాక్టీరియోసైట్లు. కొన్ని పగిలి ఉంటాయి. వాటి చుట్టూ చిమ్మినట్టున్న సన్నటి గుండ్రటి రవ్వలే బుక్నెరా, వాటిని నూనె చుక్క వేసి నూరు రెట్ల కటకంతో చూడాలి. అది నేను తిప్పుతాను, మీరు తిప్పితే పలక పగులుతుంది. మూడో పొర దీనిలో కనబడదు, దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. పిల్లలు ముందు, పెద్దలు తర్వాత. ఫ్యాను గాలికి చుక్క తొందరగా ఆరిపోతోంది, ఆ స్విచ్ కాస్త ఆపండి.